రెక్కల గంగాభవాని

నా భార్య గంగాభవాని కువైట్‌లో ఒక ఇంటి నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి చచ్చిపోయింది. అద్దాలు తుడుస్తూ పడిందని కాగితంలో రాశారు. ఎవరు చూశారో రాయలేదు. మనిషి పెట్టెలో వచ్చింది. తెరవొద్దన్నారు. తెరిచాను.

ఆమెను అక్కడికి పంపింది ఆమె తమ్ముడు పోలిరాజు. మా రాజోలు వైపు ఆడవాళ్ళను ఇళ్ళలో పనికి గల్ఫ్ పంపే ఏజెంట్ల కింద తిరుగుతుంటాడు. అక్క పోయిన పదకొండో రోజున మా ఊరి సెంటర్లో అశ్రునివాళి ఫ్లెక్సీ కట్టించాడు. అందులో గంగాభవాని ఎంత ఉందో వాడూ అంతే ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఏడుస్తున్నట్టు నిలబడ్డాడు. నా పేరు లేదు. నేను కొబ్బరికాయలు వలిచేవాణ్ణి. నా పేరు లోవరాజు అని రాయడానికి ఆ గుడ్డలో చోటు లేకపోయింది.

ఏడాది తిరక్కుండానే నా కూతురికి పాస్‌పోర్టు తీయించాడు.

లక్ష్మీతులసి రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. రొయ్యల తలలు తీసే పని. పొద్దస్తమానం ఐసులో చేతులు. విజిటింగ్ వీసా మీద దుబాయ్‌లో దించి, అక్కణ్ణించి మస్కట్ పంపిస్తాడట. అక్కడ ఒక ఇంట్లో పని. తల్లి పోయిన ఏడాది లోపల ఇల్లు దాటి దూరదేశం పోకూడదని మా వాళ్ళలో పట్టింపు. అందుకే ఆగారు. సంవత్సరీకం అయిన మర్నాడు ప్రయాణం పెట్టారు.

వద్దన్నాను. అది వినలేదు. రెండోసారి అరిచాను. పళ్ళెం ఎత్తుకుని అరుగు మీదకి పోయి తింది. నాకు మాటలు రావు. మాట్లాడితే అరుపే వస్తుంది. అరుపుకి ఆ పిల్ల చిన్నప్పుడే అలవాటు పడిపోయింది.

అప్పుడు ఫ్లెక్సీ వేయించాలనిపించింది. పోలిరాజు వేసిందానికంటే పెద్దది. వాడు ఏం చేశాడో ఊరంతా చూడాలి. నా కూతురు కూడా చూడాలి. చూసి ఆగిపోవాలి.

రాజోలులో బస్టాండు దగ్గర ఫ్లెక్సీ షాపుకి వెళ్ళాను. లోపల ప్రసన్న అనే అమ్మాయి ఒక్కతే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పుట్టినరోజులు, ఓణీ ఫంక్షన్లు, చావులు, అన్నీ ఆ పిల్లే తయారుచేస్తుంది. నన్ను చూసి స్టూలు చూపించింది.

"కూర్చోండి బాబాయ్‌గారూ. ఒక్క పది నిమిషాలు. బయట దేశం వాళ్ళ పని, ఇది పంపించేసి మీది చూస్తాను."

తెర మీద ఒక గుర్రం ఉంది. దానికి రెక్కలున్నాయి. నేను బొమ్మల్లో చూసినట్టు తెల్లగా మెరుస్తూ లేదు. చెరువు గట్టు మీద బురదలో నిలబడి ఉంది. రెక్కలు తడిసి నేలకి వేళ్ళాడుతున్నాయి.

"దీనికేమొచ్చింది?" అన్నాను.

"ఎగిరెగిరి అలిసిపోయిందండి." నవ్వింది. "గ్రీకుల పురాణాల్లో రెక్కల గుర్రం. వాళ్ళకిలాంటివి చాలా ఉన్నాయండి. గద్ద తలకాయా సింహం ఒళ్ళూ ఉన్నది ఒకటి. ఆడదాని మొహంతో సింహం ఒకటి, దానిక్కూడా రెక్కలే. పేకముక్కల్లాంటి ఆట ఉంటది, దానికి బొమ్మలు కావాలన్నారు. అందరూ గీసినట్టు గీస్తే తీసుకోరు. కొత్తగా ఆలోచించాలి. నేనేం చేసేనంటే, మన పక్షుల రెక్కలు పెట్టేను. గుర్రానికి కొంగవి. సింహానికి గద్దవి."

"ఆడదాన్ని పక్షిగా గీశారా వాళ్ళు?"

"ఎందుకు గీయలేదండీ." ఇంకో బొమ్మ తెరిచింది.

మెడ దాకా ఆడమనిషి. కిందంతా పక్షి. కాళ్ళు గోళ్ళతో ఉన్నాయి. రెక్కలు నల్లగా, విప్పి ఆరబెట్టుకున్నట్టు చాచి ఉన్నాయి. ఆ రెక్కలు నేను ఎరుగుదును. రొయ్యల చెరువుల్లో పాతిన కర్రల మీద నీటికాకులు అలాగే ఆరబెట్టుకుంటాయి. చెరువుల వాళ్ళు టపాకాయలు కాల్చి తోలేస్తారు.

"దీన్ని హార్పీ అంటారండి. ఒక రాజుండేవాడు. దేవుడికి కోపమొచ్చి వాడి కళ్ళు తీసేసేడు. కళ్ళు తీసింది చాలక వీటిని పంపించేడు. రాజు భోజనానికి కూర్చోగానే ఇవి దిగి నోటి దగ్గర కూడు లాక్కుపోయేవి. మిగిలింది పాడుచేసి పోయేవి. అదీ కథ. అందరూ వీటిని రాక్షసుల్లా గీస్తారు. కోరలూ అవీ పెట్టి."

"నువ్వు?"

"నేను తిరగేసేనండి. నా దాంట్లో ఇవి లాక్కోవు. తెచ్చిపెడతాయి." తెర మీద బొమ్మను జరిపింది. బల్ల కనిపించింది. బల్ల ముందు లావుపాటి రాజు, కళ్ళు తెల్లగా, నోరు తెరుచుకుని కూర్చున్నాడు. పక్షి గోళ్ళల్లో అన్నం గిన్నె ఉంది. దాని మెడకి ఒక తాడు ఉంది. తాడు రెండో కొస రాజు చేతిలో ఉంది.

"ఈ తాడేంటి?"

"ఏదో దేశంలో నీటికాకులతో చేపలు పట్టిస్తారండి. వీడియోలో చూసేను. మెడకి తాడు బిగించేస్తారు. పట్టిన చేప మింగలేదు. తెచ్చి పడవలో కక్కాలి. దీనికీ అదే పెట్టేను. ఎంత తెచ్చినా ముద్ద దీని గొంతు దిగదు."

నేను చాలాసేపు చూశాను. ఆ అమ్మాయి బొమ్మ మూసెయ్యబోయింది.

"ఉంచు," అన్నాను. "నాకు ఇదే కావాలి."

"ఇదా? మీకేం ఫంక్షనండీ?"

"సంవత్సరీకం. నా భార్యది." జేబులోంచి ఫొటో తీశాను. పాస్‌పోర్టు కోసం తీయించిన ఫొటో. అంతకంటే మంచిది లేదు. "ఆ పక్షికి ఈ మొహం పెట్టు."

ఫొటో తీసుకుని, నా వైపు చూసి, మళ్ళీ ఫొటో చూసింది.

"బాబాయ్‌గారూ, అశ్రునివాళికి హంసలూ పావురాలూ ఉంటాయండి. కమలంలో కూర్చోబెడతాను. మబ్బులు వేస్తాను. చాలా బాగుంటది."

"ఆవిడ మబ్బుల్లోకి పోలేదు. రోడ్డు మీద పడింది."

కువైట్ సంగతి చెప్పాను. పోలిరాజు సంగతి చెప్పాను. కూతురి సంగతీ చెప్పాను. నేను అంత మాట్లాడి ఏడాది అయింది.  విని, ఆ అమ్మాయి ఫొటోను మిషన్లో పెట్టింది.

"రాజుకి ఈ మొహం పెట్టు," అని పోలిరాజు పాత ఫ్లెక్సీని నా ఫోన్లో చూపించాను.

"అమ్మో. అది మాత్రం కుదరదండి. షాపు పగలగొట్టేస్తారు. మా ఓనరు ప్రవీణ్ కుమార్ గారు నన్ను రేపణ్ణించి రావద్దంటారు."

"మరి ఎలా తెలుస్తుంది?"

"చేతికి కడియం వేస్తానండి, ఈయనకున్నట్టు. తెలిసినోళ్ళకి తెలుస్తది. రాజు గడ్డం తీసెయ్యమంటారా? ఈయనకి లేదుగదా."

"ఉండనీ. రాజులకి గడ్డం ఉంటుంది."

"తాడు దూరానికి కనపడదండి. నలుపు మీద నలుపు. ఏ రంగు వెయ్యమంటారు?"

"నువ్వే చెప్పు."

"నల్ల రెక్కల మీద పసుపు కొట్టొచ్చినట్టు కనపడుద్ది."

"వెయ్యి," అన్నాను.

గంగాభవాని మొహం తెర మీద పెద్దదైంది. ఫొటోలో నోరు బిగించుకుని ఉంది. ఆ అమ్మాయి పెదవులు కొంచెం తెరిపించింది. బుగ్గలు లోపలికి లాగింది. పెట్టెలో నేను చూసిన మొహం కాదు. పోకముందు మొహం కూడా కాదు. కువైట్‌లో ఆరేళ్ళు ఉన్న మొహం అయి ఉండాలి. అది నేను చూడలేదు.

"సరిపోయిందా అండీ?"

తల ఊపాను.

కింద పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. ఆ పైన ఏమి రాయమంటారని అడిగింది. 'ఈమెను చూడండి' అని రాయమన్నాను. అంతే రాసింది.

సంవత్సరీకం నాటి పొద్దున్నే సరుగుడు బాదులు పాతి ఫ్లెక్సీ కట్టాను. నేనే కట్టాను. సెంటర్లో అంజిబాబు టీ కొట్టు ఎదురుగా, పోలిరాజు ఫ్లెక్సీ కట్టిన చోటే. నల్ల రెక్కలు రోడ్డుకి ఆ చివర నుంచి ఈ చివరికి పరుచుకున్నట్టున్నాయి. స్కూలు ఆటో ఆగిపోయింది. పిల్లలు తలలు బయటపెట్టి చూశారు.

నేను ఇంటికి వెళ్ళి కార్యం జరిపించాను. బ్రాహ్మడు చెప్పినవన్నీ చేశాను. భోజనాలు అయ్యాయి. లక్ష్మీతులసి వడ్డించింది. నాతో మాట్లాడలేదు. పోలిరాజు తిన్నాడు, బాగానే తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, కడియం పైకి తోసుకుంటూ అన్నాడు.

"బావా, సెంటర్లో ఏదో కట్టించేవంట గదా. జనం ఒకటే చూస్తున్నారంట. పద, చూసొద్దాం."

"పద," అన్నాను. దాని కోసమే ఎదురుచూస్తున్నాను. "తులసీ, నువ్వూ రా."

చెయ్యి తుడుచుకుని మా వెనక నడిచింది.

సెంటర్లో నిజంగానే జనం ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళు.  చూశారు, అర్థం చేసుకున్నారు అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఫ్లెక్సీ కింద పసుపు, కుంకుమ, రెండు కొబ్బరి చిప్పలు. హారతి పళ్ళెం వెలుగుతోంది. ఎవరో బంతిపూల దండ బాదుకి వేలాడదీశారు.

మా వీధి దుర్గమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఎంత బాగా వేయించేరు లోవరాజు గారూ. సాక్షాత్తూ అన్నపూర్ణమ్మే. రెక్కలు కట్టుకుని దేశాలు దాటి మీకు అన్నం తెచ్చి పెడతన్నట్టు. మెళ్ళో పసుపుతాడు చూస్తే నా ఒళ్ళు జలదరించిందండి బాబూ. ముత్తైదువుగా పోయింది మాతల్లి."

నాకు మొదట అర్థం కాలేదు. ఫ్లెక్సీ వైపు చూశాను. పసుపుతాడు. నల్ల రెక్కల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మెడ చుట్టూ తిరిగి, కిందకి దిగి, రాజు చేతిలో ముడిపడి ఉంది.

"అది తాళి కాదు," అన్నాను.

"మరేంటండీ?"

"మింగకుండా కట్టిన తాడు."

దుర్గమ్మ నా మొహం చూసింది. భార్య గుర్తొచ్చి మతి చెదిరిందనుకున్నట్టుంది. భుజం తట్టింది.

అంజిబాబు టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. "నిజం చెప్పాలంటే నాకు మీరంటే గౌరవం పెరిగింది బావగారూ. ఇలా ఎవరు వేయించుకుంటారు? తిని కూర్చున్నోడు తిని కూర్చున్నానని ఒప్పుకుంటాడా? ఆ గడ్డం, ఆ కూర్చోడం, అచ్చు మీరే. కళ్ళు కూడా కనపడనట్టు పెట్టించేరు. ఆవిడ కష్టం మీకు కనపళ్ళేదని. ఆయ్, పెద్ద మనసండి."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. నేను గడ్డం పట్టుకున్నాను. ఆమె పోయాక తియ్యలేదు. గీయించుకోవాలని తోచలేదు. అద్దం చూసే పని కూడా లేదు.

"నేను కాదు!" అని అరిచాను. "ఆ కూర్చున్నది నేను కాదు! కడియం చూడండి. వీడు! వీడే పంపించాడు. వీడి చేతిలో తాడు!"

అందరూ పోలిరాజు చేతి వైపు చూశారు. వాడు చెయ్యి దాచుకోలేదు. నవ్వాడు.

"నేనైతే పసుపుతాడు నా చేతిలో ఎందుకుంటది బావా? అక్క మెళ్ళో తమ్ముడు తాడు కడతాడేంటి?"

జనంలో నవ్వులు. సంవత్సరీకం నాడు, ఆమె మొహం కింద, నవ్వారు. ఎవరో "పోన్లెండి, బాధలో ఉన్నారు" అన్నారు. పోలిరాజు బంతిపూల దండ సవరించి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టాడు. తర్వాత లక్ష్మీతులసి నెత్తి మీద చెయ్యి వేశాడు.

"అమ్మ దీవెన ఉంది నీకు. ఇంక భయమెందుకు?"

లక్ష్మీతులసి ఫ్లెక్సీ వైపే చూస్తోంది. ఏడవలేదు. వాడి చెయ్యి మెల్లగా తీసేసి ఇంటికి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళాను. పెరట్లో అంట్లు ముందేసుకుని తోముతోంది. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"అమ్మ నోట్లో ఏమీ లేదు. చూశావా?"

"చూసేను."

"ఆ తాడు తాళి కాదు."

"తెలుసు నాన్నా." పీచుతో గిన్నె రుద్దుతూనే ఉంది. "అందరికీ తాళి అనిపించింది. నాకనిపించలేదు. ఆ బిగుతు చూస్తే తెలుస్తంది. ఆ రాజుని మావయ్యనుకుని వేయించేవు. అదీ అర్థమైంది."

నాకు ఊపిరి వచ్చినట్టయింది. "అయితే ఆగిపో."

గిన్నె కడిగి బోర్లించింది. ఇంకోటి తీసుకుంది.

"బల్ల మీద కంచం ఎవరిది నాన్నా?"

నేను భుజం మీది తువ్వాలు తీసి దులిపాను.

"మావయ్య కమీషను తిన్నాడు. ఒక్కసారి తిన్నాడు. తర్వాత ఆరేళ్ళు అమ్మ పంపింది ఈ ఇంటికే వచ్చింది. ఈ మెట్టు దాంతో కట్టిందే. నువ్వు కూర్చున్నది. ఒక్కసారి ఫోన్లో వచ్చేయమని అన్నావా? నేను పక్కనే ఉండేదాన్ని. అమ్మ కాళ్ళు నొప్పులంటే కొబ్బరి రేటు పడిపోయిందనేవోడివి."

"రేటు పడిపోయింది."

"ఆయ్. పడిపోయింది."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు కోపం తెప్పించింది. ఈ పిల్ల తీర్పు చెప్పడానికి ఎవరు? కాయకి కాయ వలిచి చేతులు పగిలిన వాణ్ణి నేను. నేనేమీ పోలిరాజులా కళ్ళద్దాలు పెట్టుకుని తిరగలేదు. ఆమెను విమానం ఎక్కించింది నేను కాదు. ఆ రోజు అలాగే అనుకున్నాను. ఈ రోజూ అలాగే అనుకుంటున్నాను.

"అంత తెలిసినదానివి, మరి నువ్వెందుకు పోతున్నావు?"

చేతులు చూపించింది. ఐసుకి వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, చర్మం లేచిపోయి ఉన్నాయి.

"ఇక్కడా తాడే. అక్కడా తాడే. అమ్మకి తెలీదు, ఎల్లిపోయింది. నాకు తెలుసు. నేనక్కడ తినే ముద్ద నేను మింగుతాను. ఈ ఇంటికి పంపను నాన్నా. అది చెప్పే ఎల్తన్నాను."

"పంపకు. ఎవడడిగాడు?"

"సరే," అంది.

 సాయంత్రం బట్టలు సర్దుకుంది. నేను కాయలు వలిచే చోటికి పోయి, పని లేకపోయినా గునపం దగ్గర కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న పోలిరాజు కారు తెచ్చాడు. సెంటర్లో ఆపాడు. అమ్మకి దణ్ణం పెట్టి ఎక్కాలన్నాడు. దుర్గమ్మ, మరో నలుగురు ఆడవాళ్ళు కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నారు. పోలిరాజు ఫోన్ తీశాడు.

"అలా బొమ్మ మధ్యకి నిలబడు తులసీ. ఇంకొంచెం ఎడమకి. ఆఁ, ఇప్పుడు రెక్కలు నీకే వచ్చినట్టున్నాయి. ఫేస్‌బుక్కులో పెడితే ఎంతమంది పిల్లలకి ధైర్యమొస్తదో. బావా, నువ్వు కూడా ఇలా వచ్చి కూర్చో, ఫొటో నిండుగా ఉంటది."

కూర్చోమన్నది రాజు బొమ్మ ముందు. అక్కడ ఎవరో స్టూలు కూడా వేశారు. అంజిబాబు కొట్టులోది.

స్టూలును తన్నాను. అది పోయి కారు చక్రానికి తగిలింది.

 లక్ష్మీతులసి రెక్కల ముందు నుంచి పక్కకి వచ్చేసింది. "ఫొటో వద్దు మావయ్యా," అంది. "పెట్టేవంటే నేను కారెక్కను." పోలిరాజు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎంతలో పెట్టుకున్నాడో. నా మాటకి ఏనాడూ అలా వెనక్కి తగ్గలేదు.

తులసి నా దగ్గరికి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. ఇలా పంపడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేని దానికి దీవెన ఎందుకివ్వాలి? వంగిన మనిషి అలాగే కాసేపు ఉండి, నా కాళ్ళు ఉన్న చోట నేలను ముట్టుకుని, లేచింది.

"నోట్లో ఏమన్నా వేసుకో నాన్నా. పొద్దున్న తినలేదు," అంది.

కారు చించినాడ వంతెన వైపు తిరిగింది. ఆడవాళ్ళు కొబ్బరికాయ కొట్టి, చిప్పలు ఫ్లెక్సీ కింద పెట్టి, కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ ఫ్లెక్సీ విప్పేద్దామని అంజిబాబు దగ్గర కత్తి అడిగాను. ఇవ్వనన్నాడు. "అమ్మవారి మీద కత్తి పెట్టకూడదు బావగారూ," అన్నాడు. నేను ఊరు చుట్టూ తిరిగి అడిగాను. ఎవరూ ఇవ్వలేదు. ఇంటికి పోతే నా కత్తి ఉంది. ఇంటికి పోలేదు. ఇప్పటికీ ఆ దారిన పోవాల్సి వస్తే సెంటర్ తప్పించి, కాలవ గట్టు మీద నడిచి పోతాను. నన్ను చూస్తే జనం నమస్కారం పెడుతున్నారు.